ఆనేకల్ వైపు పల్లె రోడ్డులో వంక కల్వర్టు మార్చాలి: ఏ అనుమతులు, ఎవరి దగ్గర?

లెవెల్‌మిషన్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బెంగళూరు అర్బన్ జిల్లా ఆనేకల్ తాలూకాలో ఒక గ్రామ పంచాయతీ రోడ్డు, 3.75 మీటర్ల తారు. రోడ్డుకు అడ్డంగా వంక. దాని మీద 600 మి.మీ. హ్యూమ్ పైపులు రెండు, పక్కపక్కన. ఒకటి సగానికి పైగా మేట వేసి ఉంది. రెండో దాంట్లో నడిమి జాయింటు విడిపోయి, పైనున్న మట్టి లోపలికి జారి, తారులో బొక్క పడింది. దిగువ వైపు పైపు మూతి వంక అడుగుకంటే సుమారు 60 సెం.మీ. పైన వేలాడుతోంది, దాని కింద నీళ్లు దూకి మడుగు తవ్వేశాయి. జల్‌జీవన్ వాళ్ల హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) తాగునీటి పైపు కూడా ఆ మేట వేసిన పైపులోంచే వెళ్తోంది.

ఎగువ పరీవాహకం 1.8 చ.కి.మీ., అంటే 180 హెక్టార్లు. నీలగిరి తోపులు, రాగి చేలు, ఒక మూల కొత్త లేఔట్. దిగువ 400 మీటర్లకు చెరువు, ఆయకట్టు 25 హెక్టార్లకు మించదు. బన్నేరుఘట్ట అడవి హద్దు ఎగువన దాదాపు కిలోమీటరు దూరం.

ఆలోచన ఏమిటంటే పైపులు తీసేసి 3 మీ. × 2 మీ. ఆర్‌సీసీ బాక్సు ఒకటి వేయాలని. గట్టు మీద రెండు కానుగ చెట్లు, ఒక వెదురు పొద అడ్డం వస్తున్నాయి. అడిగేవి నాలుగు: ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ కావాలా? వంకకు ఎన్‌ఓసీ ఎవరిస్తారు? రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) బఫర్ నిబంధన, అంటే పక్కన కట్టకుండా వదలాల్సిన జాగా, అడ్డమా? పని ఏ నెలలో పెట్టుకోవాలి? కాంట్రాక్టరేమో ఇది రిపేరే, ఏ కాగితమూ అక్కర్లేదంటున్నాడు.

---

చెరువుకట్ట జవాబు:

ముందు ఒక అపోహ తీసేద్దాం. "పర్యావరణ అనుమతి" అని ఒకే కాగితం ఉండదు. ఈ పనికి కావలసినవి ఆ వంక ఎవరి నేల మీద ఉందన్న దాన్నిబట్టి మారతాయి. అందుకే మొదటి అడుగు కాలుష్య నియంత్రణ మండలి కాదు, సర్వే ఆఫీసు.

ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ అక్కర్లేదు. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ షెడ్యూల్లో 7(ఎఫ్) కింద వచ్చేవి జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు. పంచాయతీ రోడ్డు, అందులోనూ ఉన్న రోడ్డుమీద కల్వర్టు మార్పు, ఆ జాబితాలో లేదు. దీనికోసం కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ పరివేష్‌లో అర్జీ పెట్టి ఎదురుచూస్తే పొడి నెలలు చేజారిపోతాయి.

నీటి చట్టం సంగతి. 1974 జల కాలుష్య చట్టం సెక్షన్ 24 వాగులో కలుషితం చేసేదేదీ పడేయకూడదంటుంది, ప్రవాహానికి అడ్డం వచ్చేది కూడా. అయితే అదే సెక్షన్లో రెండో ఉపవిభాగం, కట్టే హక్కున్నవాళ్లు వాగు మీదా గట్టు మీదా వంతెన, తూము, కాలువ లాంటివి కడితే అది నేరం కాదంటుంది. కాబట్టి బాక్సుకు ఇబ్బంది లేదు. పగలగొట్టిన పైపు ముక్కలు, కాంక్రీటు కడిగిన నీళ్లు వంకలో వదిలితే ఆ మినహాయింపు కాపాడదు. "కట్టే హక్కున్నవాళ్లు" అన్న మాట కూడా గట్టిగా పట్టుకోండి. అర్జీలన్నీ రోడ్డు సొంతదారు పేరుతోనే వెళ్లాలి. మీ రోడ్డు పంచాయతీది కనుక పంచాయతీ తీర్మానం, పంచాయత్‌రాజ్ ఇంజినీరింగ్ విభాగం తాలూకా ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సంతకం. కాంట్రాక్టరు పేరుతోనో, డబ్బిచ్చే లేఔట్ వాళ్ల పేరుతోనో పోయిన అర్జీని వెనక్కి పంపించేస్తారు, పంపించడమే న్యాయం కూడా.

ఇక నేల. గ్రామ నకాశా (పటం), ఆకారబంద్ (సర్వే నంబర్ల విస్తీర్ణం చెప్పే రికార్డు), పక్క సర్వే నంబర్ల పహాణీలు తెప్పించండి. కర్ణాటకలో వంకలు, దారులు సాధారణంగా "బి ఖరాబ్" కింద ఉంటాయి, అంటే ప్రజల వాడుక భూమి, ఎవరి పట్టాలోకీ రాదు. దిశాంక్ యాప్‌లో సైట్ దగ్గర నిలబడి చూస్తే ఏ సర్వే నంబరో అందాజుగా తెలుస్తుంది. కానీ కాగితానికి తాలూకా సర్వేయర్ కొలతే పనికొస్తుంది.

ఎన్‌ఓసీ. ఆయకట్టు 40 హెక్టార్లకు పైబడిన చెరువులు చిన్న నీటిపారుదల శాఖవి, అంతకు లోపువి జిల్లా, గ్రామ పంచాయతీల చేతిలో. మీది 25 అన్నారు కనుక పంచాయతీ పరిధే. కానీ 2014 చెరువుల సంరక్షణ చట్టం చూడండి. అందులో చెరువు నిర్వచనంలోకే నీళ్లు తెచ్చే కాలువలు, కట్ట, అలుగు, తూములు అన్నీ వస్తాయి. మీ వంక ఆ చెరువుకు నీళ్లు తెచ్చే కాలువే. కాబట్టి పంచాయతీ తీర్మానంలో "ప్రవాహ వెడల్పు తగ్గదు, దిశ మారదు, అడుగు మట్టం పెరగదు" అన్న మూడు మాటలు రాయించి, ఒక ప్రతి తహసీల్దార్‌కూ, ఒకటి జిల్లాలో చెరువుల వ్యవహారం చూసే అధికారికీ పంపి, చేరినట్లు ముద్ర వేయించుకోండి. రేపు ఎవరైనా ఆక్రమణ అని ఫిర్యాదు చేస్తే ఆ ముద్రే మిమ్మల్ని నిలబెడుతుంది.

బఫర్ గురించి చాలామంది కంగారు పడతారు. 2016లో హరిత ట్రిబ్యునల్ చెరువులకు 75 మీటర్లు, పెద్ద, మధ్య, చిన్న కాలువలకు వరుసగా 50, 35, 25 మీటర్లు అన్నది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బెంగళూరు 2015 మాస్టర్ ప్లాన్లో అదే వరుసలో కాలువలకు 50, 25, 15 మీటర్లు. అదే ప్లాన్ ఆ బఫర్‌లో ప్రవాహానికి అడ్డం రాని రోడ్లు, కాలువలు, కల్వర్టులు, వంతెనలు కట్టుకోవచ్చని చెబుతోంది. మీ ఊరు ఆ ప్లాన్ హద్దులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ జోనింగ్ నిబంధనలు చదవండి. బఫర్ అన్నది కట్టడం పెట్టి నీళ్లను నొక్కేసేవాళ్లకు. నీళ్ల దారిని వెడల్పు చేసేవాళ్లు భయపడాల్సిన పని లేదు.

అడవి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. హద్దు కిలోమీటరు అన్నారు. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు ఎకో సెన్సిటివ్ జోన్ (పార్కు చుట్టూ ఆంక్షలుండే పట్టీ) 2020 నోటిఫికేషన్ ప్రకారం చోటును బట్టి 100 మీటర్ల నుంచి 1 కి.మీ. వరకు ఉంది. ఎవరో చెప్పిన దూరంతో కాకుండా కల్వర్టు అక్షాంశ రేఖాంశాలు రాసిచ్చి, డీసీఎఫ్ (డిప్యూటీ కన్జర్వేటర్, అటవీ అధికారి) ఆఫీసు నుంచి "జోన్ లోపల" లేదా "బయట" అని లిఖితంగా తెచ్చుకోండి. లోపలైతే ఉన్న రోడ్డు వెడల్పు, బలోపేతం అనేవి నిషేధం కాదు, నియంత్రిత పనులు. తగిన జాగ్రత్తలు రాసి మానిటరింగ్ కమిటీకి పంపాలి. రోడ్డు ఇరుపక్కలా రిజర్వు ఫారెస్టో డీమ్డ్ ఫారెస్టో (అడవిగా లెక్కించే భూమి) ఉంటే 1980 అటవీ చట్టం వస్తుంది. ఇప్పుడున్న రోడ్డు హద్దు దాటకుండా కట్టగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది. రెక్క గోడలు, ఆప్రాన్ (బాక్సు మూతి ముందు పరిచే గచ్చు), తాత్కాలిక దారి, మట్టి పోసే చోటు, ఈ నాలుగూ డ్రాయింగ్‌లో హద్దు లోపలే చూపించండి. సాధారణంగా హద్దు దాటేది బాక్సు కాదు, తాత్కాలిక దారి.

చెట్లు: 1976 కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసర్‌కు అర్జీ. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లాంటివి మినహాయింపు జాబితాలో ఉన్నాయి, కానుగ లేదు. పైగా అవి ప్రభుత్వ నేల మీదివి, కాబట్టి కలప విలువ కట్టడం, వేలం అన్నీ ఉంటాయి. అర్జీకి ముందు ఒకసారి బాక్సును 1.5 మీటర్లు అటో ఇటో జరిపితే ఒక చెట్టయినా మిగులుతుందేమో చూడండి. గట్టును పట్టుకున్నది ఆ వేళ్లే.

---

సైటుమేస్త్రి జవాబు:

ఇంత అక్కర్లేదండి. ఉన్న పైపుల స్థానంలో అవే సైజు పైపులు వేస్తే అది మెయింటెనెన్సు. రెండు రోజులు రోడ్డు మూసి, జేసీబీ పెట్టి, ఎన్‌పీ3 (రోడ్డు బరువు తట్టుకునే రకం కాంక్రీటు) పైపులు దించి, మట్టి కప్పేస్తే అయిపోతుంది. బాక్సు అన్నప్పుడే కాగితాలు మొదలవుతాయి.

---

పినాకినిగట్టు జవాబు:

సైటుమేస్త్రి గారు చెప్పింది కాగితం వరకు కొంత నిజం. అదే చోట అదే సైజు వేస్తే దాన్ని నిర్వహణగా చూస్తారు, చెట్లు కొట్టకపోతే అర్జీలూ తగ్గుతాయి. కానీ అదే సైజు వేస్తే అదే జబ్బు తిరిగొస్తుంది. లెక్క చూడండి.

180 హెక్టార్లకు రేషనల్ పద్ధతి సరిపోతుంది. గరిష్ఠ ప్రవాహం = 0.278 × గుణకం (పడిన వానలో పారే వంతు) × వాన తీవ్రత × విస్తీర్ణం. చేలు, తోపులు, కొంచెం లేఔట్ కలిపి గుణకం 0.35 అనుకుందాం. తీవ్రత ఉదాహరణకు గంటకు 70 మి.మీ. తీసుకుందాం, మీరు మాత్రం మీ వంక ప్రవాహ సమయానికి సరిపడే విలువను వాన గణాంకాల నుంచి తీసుకోవాలి. 0.278 × 0.35 × 70 × 1.8 = సెకనుకు సుమారు 12.3 ఘనపు మీటర్లు. వేగం 2.5 మీ. దాటనివ్వకూడదంటే నీళ్ల దారి 4.9 చ.మీ. కావాలి.

600 మి.మీ. పైపు ఒక్కోదాని వైశాల్యం 0.283 చ.మీ. రెండూ శుభ్రంగా ఉన్నా 0.57. అదే వేగానికి సెకనుకు 1.4 ఘనపు మీటర్లు. అవసరంలో ఎనిమిదో వంతు కూడా కాదు. ఇన్నేళ్లూ రోడ్డే కట్టలా నిలబడి నీళ్లను ఎగువన ఆపింది, మిగతావి తారు మీదుగా పొంగాయి. పైపు మూతి నుంచి నీళ్లు జెట్టులా దూకి కింద మడుగు తవ్వింది కూడా అందుకే. అడుగు కోసుకుపోయి 60 సెం.మీ. మెట్టు ఏర్పడింది. ఆ మెట్టు వల్ల చెరువు నిండినప్పుడు ఎదురెక్కే చేపలు అక్కడే ఆగిపోతాయి. ఎగువ గుంటల్లోకి గుడ్లు పెట్టడానికి పోలేవు.

మీ 3 × 2 మీటర్ల బాక్సు 6 చ.మీ. అందులో బాక్సు అడుగును వంక మట్టానికి 300 మి.మీ. కిందకి దించండి. లోపల ఆ 300 మి.మీ. వంక గుండ్రాళ్లు, కంకరతోనే నింపండి, కాంక్రీటు అడుగు బయటికి కనిపించకూడదు. అప్పుడు మిగిలేది 3 × 1.7 = 5.1 చ.మీ. లెక్క సరిపోయింది. ఎండాకాలంలో సన్నగా పారే నీళ్లకు మధ్యలో చిన్న పల్లం వదిలితే అరచేయి లోతు నీళ్లయినా ఒకచోట నిలుస్తాయి. అంతటా పరుచుకుంటే వేలెడు లోతు కూడా ఉండదు. ఒక గోడ పక్కన 40 సెం.మీ. వెడల్పున రాళ్లతో పొడి అరుగు కడితే ముంగిస, పునుగుపిల్లి, కుందేలు రోడ్డెక్కకుండా కిందనుంచే దాటతాయి. అడవి దగ్గర సైటు కనుక ఈ అరుగు డ్రాయింగ్‌లో ఉంటే అటవీ అధికారి ముందు మీ మాటకు బలం.

అయితే దారి పెద్దది చేస్తే ఇంతకాలం రోడ్డు ఆపిన నీళ్లు ఒక్కసారిగా దిగువకు పోతాయి. ఎన్‌ఓసీ ఇచ్చేవాళ్లు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే, అడగకపోయినా మీరే రాసివ్వండి. చెరువు అలుగు పొడవు కొలవండి, దాని మీద అరమీటరు ఎత్తున నీళ్లు పారితే ఎంత పోతుందో లెక్క వేయండి, చెరువు దిగువ మొదటి కల్వర్టు సైజు కూడా. అలుగు చాలకపోతే బాక్సు సైజు తగ్గించడం పరిష్కారం కాదు. అలుగు బాగుచేయడం ఇదే ఎస్టిమేట్‌లో చేర్చాలి, లేదంటే రోడ్డు పక్కన 20 మీటర్లు పల్లంగా ఉంచి, పెద్ద వాన అక్కడ మెల్లగా పొర్లేలా చేయాలి.

ఐఆర్‌సీ ఎస్‌పీ 13 (చిన్న వంతెనలు, కల్వర్టుల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శి) ప్రకారం 3 చ.కి.మీ. లోపు పరీవాహకానికి సైటుకు ఎగువ, దిగువ 100 మీటర్ల చొప్పున అడ్డకోతలు, పొడవుకోత (వంకకు అడ్డంగా, పొడవునా మట్టాల గీతలు) తీయాలి. మీ కేసులో పొడవుకోతను చెరువు నీటి మట్టం వరకు పొడిగించండి. చెరువు నిండినప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కడివరకు నిలుస్తాయో తెలియకుండా బాక్సు మట్టం నిర్ణయించకూడదు.

---

లెవెల్‌మిషన్:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక చిక్కు ఉంది. నకాశాలో వంక గీత ఉన్నచోట ఇప్పుడు నీళ్లు పారడం లేదు. అసలు ప్రవాహం దాదాపు 4 మీటర్లు తూర్పుకు జరిగి ఒక రైతు పట్టాలోంచి పోతోంది. బాక్సు ఎక్కడ పెట్టాలి?

---

చెరువుకట్ట:

నీళ్లు ఇప్పుడు పారుతున్నచోటే, దానికి ఎదురుగా. నకాశా గీత మీద కట్టి వంకను వంచి తేవాలనుకుంటే ప్రతి వానకూ మలుపులో గట్టు కోసుకుపోతుంది, రెక్క గోడ వెనక్కి నీళ్లు చొరబడి రోడ్డే తెగుతుంది. కాగితం వైపు: సర్వేయర్‌తో ఉమ్మడి కొలత పెట్టించి, రైతు, పంచాయతీ ఇద్దరి సంతకాలతో పాత గీత, కొత్త గీత ఒకే స్కెచ్‌లో గీయించండి. బాక్సు, రెక్క గోడల కింద పట్టా నేల ఎన్ని చదరపు మీటర్లు పడుతుందో దానికి రైతు రాతపూర్వక సమ్మతి, వీలైతే పంచాయతీ పేరుకు రిజిస్టర్ చేయించాలి. అంతేకాదు, పాత ఖరాబ్ గీతను ఎవరూ చేనులో కలుపుకోకుండా ఆ స్కెచ్‌లోనే "వరద దారిగా ఉంచాలి" అని రాయించండి. పెద్ద వానకు నీళ్లు మళ్లీ అటే వెతుక్కుంటాయి.

---

సైటుమేస్త్రి:

లెక్క చూశాక ఒప్పుకుంటున్నా, బాక్సే సరైనది. అయితే సైట్లో ఏది తప్పుతుందో చెబుతా.

నెల: జనవరి నుంచి మార్చి మూడో వారం. బెంగళూరు చుట్టూ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో పడే వాన ఒక్క గంటలో సెంట్రింగ్ ఎత్తుకుపోతుంది. సెప్టెంబర్, అక్టోబర్ అన్నిటికంటే ఎక్కువ వాన పడే నెలలు. కాబట్టి సర్వే జూన్, జులైలో, చెట్ల అర్జీ ఆగస్టులో, తీర్మానం, డీసీఎఫ్ లేఖ అక్టోబర్‌లోపు, టెండరు నవంబర్, డిసెంబర్. సైట్లో పోత పోస్తే క్యూరింగ్‌తో కలిపి రెండు నెలలు పట్టుకోండి. ప్రీకాస్ట్ బాక్సు ముక్కలైతే రోడ్డు మూత రెండు వారాల్లోపు తెమలవచ్చు, కానీ క్రేను నిలబడటానికి గట్టి నేల, కరెంటు తీగల ఎత్తు ముందే చూడాలి.

నీళ్ల మళ్లింపు: ఎగువన ఇసుక మూటల కట్ట, దాని వెనక పాలిథీన్ షీటు, పక్కనుంచి తాత్కాలికంగా 600 పైపు. తీసేసిన పాత పైపుల్లో మంచిదాన్నే వాడుకోవచ్చు. గుంటలో ఊరే బురద నీళ్లను పంపుతో నేరుగా వంకలోకి కొట్టొద్దు. పక్కన 3 × 3 మీటర్ల గుంట, దాని మూతికి గోనె సంచులు, కంకర. అందులో తేరుకున్నాకే వదలాలి. కాంక్రీటు లారీ, మిక్సర్ కడిగే నీళ్లకు వేరే గుంట, షీటు పరిచి. సున్నపు నీళ్లలా ఘాటుగా ఉంటాయి అవి, 400 మీటర్ల కింద చెరువులో చేపలు తేలతాయి.

జల్‌జీవన్ పైపును బాక్సు లోంచి మళ్లీ పోనివ్వొద్దు. చెత్త పట్టుకునేది దానికే. బాక్సు అడుగు కింద కవచం పైపులో, లేదా రోడ్డు మట్టిలో బాక్సు పైనుంచి తీయించండి. నీటి సరఫరా వాళ్లకు నెల ముందే లేఖ ఇవ్వాలి.

మట్టి కప్పడం: రెండు పక్కలా సమానంగా, 200 మి.మీ. పొరలుగా. ఒక పక్క పూర్తిగా నింపి రెండో పక్కకు పోతే బాక్సు జరుగుతుంది. గోడ వెనక 600 మి.మీ. కంకర వడపోత పొర, నీళ్లు కారే రంధ్రాలు 100 మి.మీ. పైపుతో, మీటరుకొకటి. ఆప్రాన్ చివర కటాఫ్ గోడ (నేలలోకి దింపే అడ్డుగోడ) రెండు వైపులా వేయాలి, దిగువది ఎగువదాని కంటే లోతుగా. అడుగు కోత మొదలయ్యేది దిగువ నుంచే. ఇప్పుడున్న ఆ మడుగును మట్టితో పూడ్చొద్దు, పెద్ద రాళ్లతో మెల్లగా వాలు చేసి కలపండి.

---

పినాకినిగట్టు:

మేస్త్రి గారు చెప్పినవన్నీ ఎస్టిమేట్‌లో విడివిడి ఐటెంలుగా రాయండి: మళ్లింపు కట్ట లంప్‌సమ్, బురద గుంట ఒక్కటి, కడుగు నీళ్ల గుంట ఒక్కటి, శిథిలాలు తరలింపు ఘనపు మీటర్లలో దూరంతో సహా, కొట్టిన చెట్లకు బదులు నాటే మొక్కలు మూడేళ్ల నీళ్లతో. "కాంట్రాక్టరు పర్యావరణ జాగ్రత్తలు తీసుకోవాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే దానికి రేటుండదు, రేటు లేని పని ఎవరూ చేయరు, బిల్లు దగ్గర మీరు పట్టుకోనూ లేరు.

ఇంకోటి. వంకలో తవ్విన మేట, ఇసుక బయటికి అమ్మకూడదు, గనుల శాఖ అనుమతి లేకుండా తరలిస్తే రాయల్టీ, జరిమానా. గుండ్రాళ్లు, కంకర పక్కకు కుప్ప పోసి ఉంచండి, బాక్సు లోపలి 300 మి.మీ. నింపడానికి అవే కావాలి. 3 మీ. వెడల్పు, 5 మీ. పొడవు బాక్సుకు 4.5 ఘనపు మీటర్లు, ఆప్రాన్ పైకి ఇంకొంచెం. బయటి క్వారీ కంకర అక్కడ వేస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది, వంక తన రాళ్లను మాత్రం నిలబెట్టుకుంటుంది.

---

లెవెల్‌మిషన్:

అర్థమైంది. సర్వేయర్‌కు ఉమ్మడి కొలత అర్జీ ఈ వారమే పెడుతున్నా. అలుగు కొలతలు తీసి లెక్క ఇక్కడే పెడతాను, తప్పుంటే చెప్పండి.